తీగ ఎటు పోతుందో కెర్నెల్‌కు చెప్పడం: ఇంటరప్ట్ కంట్రోలర్ల వర్ణనా పద్ధతులపై సమీక్ష

కంప్యూటరు మొదలైన క్షణంలో దాని కెర్నెల్‌కు, అంటే ప్రాసెసరునూ మెమరీనీ పరికరాలనూ మిగతా ప్రోగ్రాములకు పంచిపెట్టే మూల ప్రోగ్రాముకు, తాను నడవబోయే బోర్డు గురించి తెలిసింది చాలా తక్కువ. యూఎస్‌బీ, పీసీఐ వంటి మార్గాల మీద ఉన్న పరికరాలు అడిగితే తమ జాతీ తయారీదారూ ఎవరో చెబుతాయి. కానీ ఒక సెన్సరు నుంచి బయలుదేరిన ఇంటరప్ట్ తీగ ఏ కంట్రోలరులో ఎన్నో పిన్నుకు చేరిందన్నది సాధారణంగా ఏ రిజిస్టరును చదివినా బయటపడదు. అది బోర్డు గీసిన ఇంజనీరుకు తెలుసు, సర్క్యూటు పటంలో ఉంటుంది. అక్కడి నుంచి కెర్నెల్‌కు దాన్ని చేరవేసే పద్ధతులు నాలుగు దశాబ్దాలుగా మారుతూ వచ్చాయి. ఆ పద్ధతులను పరిశీలించి, వర్ణన ఎక్కడ ఆగాలి, ప్రోగ్రాము ఎక్కడ మొదలవాలి అన్న ప్రశ్నకు అవి ఇచ్చిన జవాబులను తూచడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంటరప్ట్ అంటే ఒక పరికరం ప్రాసెసరు చేస్తున్న పనిని ఆపి తన వైపు చూడమని పంపే సంకేతం. పరికరాలు పదులూ వందలూ ఉంటాయి, ప్రాసెసరుకు ఉన్న ఇంటరప్ట్ ద్వారాలు ఒకటో రెండో మాత్రమే కనుక, మధ్యలో ఇంటరప్ట్ కంట్రోలరు అనే సర్క్యూటు ఉండి, వచ్చిన సంకేతాలను పోగుచేసి, వద్దన్నవాటిని అడ్డుకొని, వాటిలో ముందుగా చూడవలసిన దాని అంకెను ప్రాసెసరుకు అందిస్తుంది. సంకేతం రెండు విధాలుగా రావచ్చు. తీగ మీది వోల్టేజి మారిన క్షణాన్నే లెక్కలోకి తీసుకొనేది ఎడ్జ్ పద్ధతి. పరికరం పని తీరేవరకూ వోల్టేజి నిలిచి ఉండి, నిలిచినంతసేపూ అడుగుతూనే ఉండేది లెవెల్ పద్ధతి. ఈ భేదం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఈ రంగంలో ఎన్నో లోపాలు దీని దగ్గరే పుడతాయి.

అనంతపురం పీఠభూమి మీద ఇది కేవలం పాఠ్యపుస్తకపు విషయం కాదు. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండి నైరుతి రుతుపవనాన్ని సగమే అందుకొని, తూర్పు తీరానికి దూరమై ఈశాన్య రుతుపవనాన్నీ పూర్తిగా అందుకోలేని ఈ నేల మీద ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆ వానను కొలిచే స్వయంచాలక వాతావరణ కేంద్రాల్లో సాధారణంగా ఉండేది రెండు గదుల తొట్టి: ఒక గది నిండగానే తొట్టి అవతలికి ఒరుగుతుంది, దానికి అమర్చిన అయస్కాంతం ఒక రీడ్ స్విచ్ ముందు నుంచి పోతుంది, స్విచ్ ఒక్క క్షణం మూసుకొని తెరుచుకుంటుంది. ఒక్కో ఒరుగుకు 0.2 మిల్లీమీటర్లు కొలిచే తొట్టి అయితే ఏడాది వాన మొత్తం 2,750 సంకేతాలు. అదే పనిని ప్రాసెసరు సెకనుకొకసారి స్విచ్‌ను తొంగిచూసి చేయాలంటే ఏడాదికి 3 కోట్ల 15 లక్షల సార్లు నిద్రలేవాలి. చిన్న సౌరఫలకమూ బ్యాటరీ తప్ప వేరే ఆధారం లేని చోట ఈ రెండింటి మధ్య తేడా యంత్రం బతకడానికీ ఆగిపోవడానికీ మధ్య తేడా. ఆ తీగను ఎడ్జ్ పద్ధతిగా వర్ణించవలసి ఉండగా లెవెల్ పద్ధతిగా వర్ణిస్తే, దుమ్ము పట్టిన తొట్టి స్విచ్ మూసుకున్న చోటనే నిలిచిపోయిన రోజున సంకేతం ఆగకుండా వస్తూనే ఉంటుంది, ప్రాసెసరు నిద్రపోదు, బ్యాటరీ దిగిపోతుంది. తరువాత పడిన వాన ఏ లెక్కలోకీ రాదు. వేరుశనగ రైతుకు పంటబీమా లెక్కలో వానపాతపు అంకె ఎంత విలువైనదో తెలిసినవారికి ఈ లోపం సాంకేతికమైనది మాత్రమే కాదని చెప్పనక్కరలేదు.

బోరు మోటారు స్టార్టరు ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ. మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజు పోతే మోటారు కాలిపోతుంది కనుక, ఎలక్ట్రానిక్ స్టార్టరు ప్రతి ఫేజులోనూ వోల్టేజి సున్నాను దాటే క్షణాలను గమనిస్తూ ఉండవచ్చు. 50 హెర్ట్జ్ సరఫరాలో అవి ఫేజుకు సెకనుకు 100, మూడింటికీ కలిపి 300. ఇక్కడ నిద్ర ప్రశ్న లేదు, ఆలస్యం ప్రశ్న ఉంది: మొబైల్ ఫోను నుంచి వచ్చిన సందేశాన్ని చదివే పనికంటే ఫేజు పోయిందని చెప్పే సంకేతానికి ముందు వరుస దక్కాలి. ఒకే పల్లెలో, ఒకే పొలం గట్టు మీద, ఇంటరప్ట్ కంట్రోలరు నుంచి ఇంత వేర్వేరు సేవలు కోరే పరికరాలు ఉన్నప్పుడు, వాటిని కెర్నెల్‌కు వర్ణించే భాష ఎంత సూక్ష్మంగా ఉండాలో ఊహించవచ్చు.

మొదట్లో అటువంటి భాష అవసరమే రాలేదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఎనిమిది తీగల ఇంటెల్ 8259 కంట్రోలరు ఒకటి ఉండేది. 1984 నాటి పీసీ ఏటీలో రెండవది చేరి, దాని ఫలితం మొదటిదానిలోని ఒక పిన్ను గుండా పోవడం వల్ల వాడుకకు 15 తీగలు మిగిలాయి. టైమరు 0, కీబోర్డు 1, గడియారం 8, డిస్కు 14 అన్న అంకెలు అన్ని యంత్రాల్లోనూ ఒకటే కావడంతో వాటిని కెర్నెల్ రచయితలు నేరుగా ప్రోగ్రాములో రాసుకున్నారు. మైక్రోప్రాసెసర్ల పాఠంలో 8086తో పాటు 8259ను నేర్చుకునే జేఎన్‌టీయూ అనంతపురం విద్యార్థికి ఆ కాలం ఇప్పటికీ పరిచితమే. అయితే ఆ పాఠంలో సాధారణంగా కనిపించనిది ఒకటుంది: ఆ చిప్పు పనితీరు ఎంత బాగా తెలిసినా, అది ఏ తీగకు కట్టి ఉందో చెప్పే బాధ్యత చిప్పుది కాదు. అప్పట్లో ఆ బాధ్యతను ఐబీఎం నమూనా మోసింది.

ఆ నమూనా 1990ల్లో చెదిరింది. పీసీఐ కార్డులు తమ నాలుగు ఇంటరప్ట్ పిన్నులను ఇతర కార్డులతో పంచుకోవడం, ఏ స్లాటు పిన్ను ఎటు పోతుందన్నది ప్రతి మదర్‌బోర్డు తయారీదారూ తన ఇష్టప్రకారం నిర్ణయించడం, ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లు రావడంతో 8259 స్థానంలోకి 24 ద్వారాల ఐఓ ఏపిక్ చేరడం, ఇవన్నీ కలిసి వర్ణనను తప్పనిసరి చేశాయి. ఇంటెల్ 1994లో బహుళ ప్రాసెసర్ల నిర్దేశంలో ఇచ్చిన పట్టికలు మొదటి జవాబు. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996 డిసెంబరులో విడుదల చేసిన ఏసీపీఐ రెండవది, ఇప్పటికీ పీసీల్లో నడుస్తున్నది. దీనిలో కంట్రోలర్ల జాబితా ఒక పట్టికలో ఉంటుంది. పాత అంకెలకూ కొత్త ద్వారాలకూ పొంతన కుదరని చోట సవరణ వాక్యాలు ఉంటాయి. ఉదాహరణకు పాత టైమరు తీగ 0 అయినా ఐఓ ఏపిక్‌లో అది చాలా బోర్డుల మీద రెండవ ద్వారానికి చేరుతుంది, ఆ సంగతిని సవరణ వాక్యం చెబుతుంది. ఎన్‌ఫోర్స్2 చిప్‌సెట్ బోర్డులు కొన్నింటిలో ఈ వాక్యమే తప్పు కావడంతో, దాన్ని పట్టించుకోవద్దని చెప్పే ప్రత్యేక ఐచ్ఛికాన్ని లైనక్స్ కెర్నెల్‌లో చేర్చవలసి వచ్చింది. వర్ణన ఉండటమూ అది నిజం కావడమూ రెండు వేర్వేరు సంగతులని ఆ సందర్భం రుజువు చేసింది.

ఏసీపీఐలో మరొక అంశం విమర్శకు తగినది. పీసీఐ తీగల దారులను అది ఉత్త పట్టికగా కాక, ఫర్మ్‌వేరులో ఉండే బైట్‌కోడ్ పద్ధతుల ద్వారా ఇవ్వగలదు, అంటే వర్ణనను తెలుసుకోవడానికి కెర్నెల్ ఒక ఇంటర్‌ప్రెటరును తనలో పెట్టుకొని తయారీదారు రాసిన ప్రోగ్రామును నడపాలి. దీనివల్ల తయారీదారుకు స్వేచ్ఛ దొరికింది, పాత కెర్నెళ్లు కొత్త బోర్డుల మీద నడిచాయి. కానీ వర్ణనను మనిషి చదివి సరిచూసే వీలు బాగా తగ్గింది.

రెండవ సంప్రదాయం సన్ మైక్రోసిస్టమ్స్ ఓపెన్‌బూట్‌లో పుట్టి 1994లో ఐఈఈఈ 1275 ప్రమాణంగా, ఓపెన్ ఫర్మ్‌వేర్ పేరుతో స్థిరపడింది. అందులో యంత్రం మొత్తం ఒక చెట్టుగా ఉంటుంది: వేరు దగ్గర బోర్డు, కొమ్మలుగా మార్గాలు, వాటి మీద పరికరాలు, ప్రతి పరికరానికీ లక్షణాలు. 2005లో లైనక్స్ పవర్‌పీసీ నిర్వాహకులు ఫర్మ్‌వేరుతో పని లేకుండా ఆ చెట్టును, అంటే డివైస్ ట్రీని, ఒక్క ఫైలుగా చదును చేసి కెర్నెల్‌కు అందించే పద్ధతిని తెచ్చారు. ఆర్మ్ ప్రపంచం మాత్రం చాలాకాలం దీన్ని పట్టించుకోక, ప్రతి బోర్డుకూ ఒక సీ భాషా ఫైలు రాసుకుంటూ పోయింది; ఆ ఫైళ్లు పేరుకుపోయి ఒకదానితో ఒకటి ఢీకొనడంతో 2011 మార్చిలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ బహిరంగంగానే అసహనం వెళ్లగక్కాడు. తరువాతి కొన్నేళ్లలో గ్రాంట్ లైక్లీ మొదలైనవారి కృషితో ఆర్మ్ బోర్డులు డివైస్ ట్రీకి మారాయి. ఈ మార్పులోని అసలు ప్రయోజనం ఫైళ్లు తగ్గడం కాదు. బోర్డు గురించిన నిజాన్ని, దానితో ఏం చేయాలన్న ఆదేశం నుంచి వేరుచేయవలసి రావడం.

డివైస్ ట్రీలో ఇంటరప్ట్ వర్ణన ఎందుకు కష్టమో ఇప్పుడు చెప్పవచ్చు. పరికరం ఏ మార్గం మీద ఉందో చెప్పే చెట్టు ఒకటి. దాని ఇంటరప్ట్ ఏ కంట్రోలరుకు పోతుందో చెప్పే చెట్టు మరొకటి. ఐ-టూ-సీ మార్గం మీద ఉన్న ఉష్ణోగ్రత సెన్సరు తన సమాచారాన్ని ఆ మార్గంలో పంపుతుంది, సంకేతాన్ని మాత్రం వేరే తీగ మీద, సాధారణ వినియోగ పిన్నులను నడిపే జీపీఐఓ కంట్రోలరుకు పంపుతుంది, అది తన ఫలితాన్ని ప్రధాన కంట్రోలరుకు పంపుతుంది. రాయలసీమ గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారి కింది చెరువును చేరినట్టు, ఒక కంట్రోలరు దగ్గర పోగైన సంకేతాలు ఒక్క తీగగా తరువాతిదానిలోకి దిగుతాయి. అందుకని ప్రతి కంట్రోలరు కణుపు దగ్గరా తాను కంట్రోలరునని చెప్పే లక్షణం, ప్రతి పరికరం దగ్గరా తన పెద్ద ఎవరో చెప్పే ‘ఇంటరప్ట్-పేరెంట్’ లక్షణం, తన తీగను వర్ణించే ‘ఇంటరప్ట్స్’ లక్షణం ఉంటాయి. ఒక తీగను వర్ణించడానికి ఎన్ని అంకెలు కావాలన్నది కంట్రోలరే ‘ఇంటరప్ట్-సెల్స్’ అన్న లక్షణంతో ప్రకటిస్తుంది. ఇంజనీరింగ్ ప్రాజెక్టుల్లో తరచుగా కనిపించే రాస్ప్‌బెర్రీ పై రెండవ తరం బోర్డులో బ్రాడ్‌కామ్ వారి పాత కంట్రోలరు కొత్త కంట్రోలరు కింద ఇలాగే వేలాడుతుంది. పాతది వరుస సంఖ్య, ఆ వరుసలో స్థానం అని రెండు అంకెలు కోరుతుంది. కంట్రోలరు ఎన్ని అంకెలైనా అడగవచ్చు, వాటి అర్థాన్ని తానే నిర్ణయించుకోవచ్చు అన్న ఈ ఏర్పాటు చూపుకు వదులుగా ఉన్నా, 1990ల తరువాత పుట్టిన దాదాపు ప్రతి కంట్రోలరునూ ఇముడ్చుకోగలిగింది దానివల్లనే.

అర్థాన్ని కంట్రోలరుకు వదిలేయడంలోని ప్రమాదం ఆర్మ్ వారి జీఐసీ కంట్రోలరు దగ్గర బాగా కనిపిస్తుంది. అందులో 0 నుంచి 15 వరకు ప్రాసెసర్లు ఒకదానికొకటి పంపుకునే సంకేతాలు, 16 నుంచి 31 వరకు ఒక్కో ప్రాసెసరుకు సొంతమైనవి, 32 నుంచి 1019 వరకు అందరికీ ఉమ్మడి పరికరాలవి. డివైస్ ట్రీలో మాత్రం మూడు అంకెలు రాయాలి: మొదటిది ఉమ్మడిదో సొంతమో, రెండవది ఆ తరగతిలో స్థానం, మూడవది ఎడ్జ్ లెవెల్ భేదం. ఉమ్మడి తరగతి సున్నాతో మొదలవుతుంది కనుక పూర్తి సంఖ్యలో నుంచి 32 తీసివేసి రాయాలి. రాస్ప్‌బెర్రీ పై నాలుగవ తరంలోని ప్రధాన సీరియల్ పోర్టు చిప్పులోపలి వర్గీకరణలో 57, జీఐసీ లెక్కలో 153, డివైస్ ట్రీలో 121. చివరకు లైనక్స్ దానికి తన సొంత అంకె మరొకటి ఇస్తుంది. ఒకే తీగకు నాలుగు పేర్లు ఉన్న చోట పొరపాటు జరగడం విద్యార్థి అజాగ్రత్త కాదు, ఏర్పాటులోనే ఉన్న ఇబ్బంది. పైగా జీఐసీ ఉమ్మడి తీగలు పైకి లేచే అంచునూ ఎత్తులో నిలిచిన వోల్టేజినీ మాత్రమే గుర్తిస్తాయి. కిందికి దిగే సంకేతం ఇచ్చే పరికరానికి మధ్యలో తిరగేసే సర్క్యూటు ఉండాలి. మీడియాటెక్ చిప్పుల్లో ఆ పని చేసే చిన్న పొరను ఒక కంట్రోలరుగానే వర్ణించారు, అది సరైన నిర్ణయం, ఎందుకంటే అది నిజంగా బోర్డులో ఉన్న వస్తువు.

కెర్నెల్ లోపల దీనికి తగిన ఏర్పాటు కూడా క్రమంగానే ఎదిగింది. 2006లో థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ ఇంటరప్టులను నిర్వహించే భాగాన్ని అన్ని ప్రాసెసర్లకూ ఉమ్మడిగా తిరగరాసి, కంట్రోలరును అడ్డుకో, వదులు, అందుకున్నానని చెప్పు వంటి కొద్దిపాటి చర్యల సమాహారంగా చూపారు. 2011, 2012ల్లో కంట్రోలరు అంకెలను కెర్నెల్ అంకెలకు కలిపే ‘ఇంటరప్ట్ డొమైన్’ స్థిరపడింది. 2015 ఫిబ్రవరిలో వెలువడిన 3.19 కెర్నెల్‌తో ఒకదానిపై ఒకటి పేర్చిన డొమైన్లు వచ్చాయి. తప్పు వర్ణనను కెర్నెల్ కొంతవరకు పసిగట్టగలదు: ఒక తీగ మీద వచ్చిన లక్ష సంకేతాల్లో 99,900కు మించి ఎవరూ అందుకోకపోతే, ఎవరికీ పట్టలేదని సందేశం ముద్రించి ఆ తీగనే మూసివేస్తుంది. ఇది వరదను ఆపుతుంది. అసలు రాని సంకేతాన్ని మాత్రం ఏ కాపలా పట్టుకోలేదు, ఎందుకంటే వాన పడని రోజూ తీగ తప్పుగా రాసిన రోజూ కెర్నెల్‌కు ఒకేలా కనిపిస్తాయి. అనంతపురం వంటి చోట, నెలల తరబడి వాన లేకపోవడమే మామూలైనప్పుడు, ఈ లోపం బయటపడటానికి ఎంతకాలం పడుతుందో చెప్పలేము.

నిద్ర విషయంలో వర్ణన మరింత చిక్కుపడుతుంది. చిప్పు గాఢనిద్రలోకి పోయినప్పుడు ప్రధాన ఇంటరప్ట్ కంట్రోలరుకే కరెంటు ఆగిపోవచ్చు. అప్పుడు మేల్కొలిపే పని ఎప్పుడూ మెలకువగా ఉండే మరొక చిన్న కంట్రోలరుది. క్వాల్కామ్ చిప్పుల్లో అటువంటి దానికి ఏ పిన్నుల శ్రేణి జీఐసీలోని ఏ శ్రేణికి సరిపోలుతుందో చెప్పే పట్టికను డివైస్ ట్రీలో ఇస్తారు. అంటే ఒకే తీగకు మెలకువలో ఒక దారి, నిద్రలో మరొక దారి. పీసీ కాలపు 15 తీగల లోకంలో ఎవరూ ఊహించని ఈ పరిస్థితిని కూడా పేర్చిన డొమైన్ల పద్ధతి మోయగలిగింది.

రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల లోకం అంత పరిపక్వం కాని స్థితిలో మొదలైంది. దాని తొలి ప్రమాణ కంట్రోలరు ప్లిక్. ప్రాసెసరు ఒక రిజిస్టరును చదివి సంకేతపు అంకెను తీసుకుంటుంది, పని ముగిశాక అదే అంకెను తిరిగి రాస్తుంది. 1 నుంచి 1023 వరకు మూలాలు ఉండవచ్చు. దాని వర్ణనలో ప్రతి తీగకూ ఒకే అంకె రాయమన్నారు, ఎడ్జ్ లెవెల్ భేదానికి చోటే ఇవ్వలేదు, ఆ భేదాన్ని కంట్రోలరు లోపలి గేటు చూసుకుంటుందన్న నమ్మకంతో. తరువాత ఆండెస్ సంస్థ రూపొందించిన ప్లిక్‌లో ఎడ్జ్ సంకేతాలకు వేరే క్రమంలో జవాబు చెప్పవలసి రావడంతో, దాన్ని వాడిన రెనెసాస్ చిప్పు కోసం 2022లో రెండు అంకెల వర్ణన తేవలసి వచ్చింది. వర్ణనలో ఒక నిజాన్ని వదిలేస్తే అది ఎప్పటికైనా తిరిగి వస్తుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. ఇంకొక బలహీనత కూడా ప్లిక్‌లో ఉంది: ఏ ప్రాసెసరులోని ఏ స్థాయికి తన ఫలితం చేరుతుందన్నది ఒక జాబితాగా రాస్తే, ఆ జాబితాలోని వరుస క్రమమే రిజిస్టర్ల చిరునామాలను నిర్ణయిస్తుంది. ఒక వాక్యం చెరిపితే తరువాతివన్నీ తప్పు చోటికి జరుగుతాయి. 2023లో ఆమోదం పొందిన కొత్త ఇంటరప్ట్ నిర్మాణం, 2024లో లైనక్స్ 6.10లో చేరిన దాని డ్రైవర్లు, తీగలకు బదులు జ్ఞాపకస్థానంలోకి ఒక అంకె రాయడం ద్వారా సంకేతమిచ్చే పద్ధతికి పెద్దపీట వేశాయి. పీసీఐ లోకంలో ఎంఎస్ఐ పేరుతో చాలాకాలంగా ఉన్న ఆ పద్ధతిలో కెర్నెలే పరికరానికి అంకెను కేటాయిస్తుంది కనుక, పరికరానికొక తీగ చొప్పున వర్ణించే భారం చాలావరకు తీరుతుంది. కానీ వానతొట్టి స్విచ్‌కు జ్ఞాపకస్థానంలో రాసే తెలివి లేదు. ఎంత ఆధునికమైన చిప్పుకైనా అంచున తీగలు మిగులుతాయి, వాటి వర్ణన మిగులుతుంది.

ఇక చిన్న కెర్నెళ్ల సంగతి. వాతావరణ కేంద్రాల్లో, స్టార్టర్లలో ఉండే మైక్రోకంట్రోలర్లకు లైనక్స్ పట్టదు. 2016లో మొదలైన జెఫిర్ కెర్నెల్ డివైస్ ట్రీ భాషనే తీసుకొని, దాన్ని పరికరం నడిచేటప్పుడు కాక ప్రోగ్రాము తయారయ్యేటప్పుడే చదివి స్థిరాంకాలుగా మార్చేస్తుంది. ఆర్మ్ కార్టెక్స్-ఎం చిప్పుల్లోని కంట్రోలరుకు అది రెండు అంకెలు కోరుతుంది: తీగ సంఖ్య, దానికి ఇవ్వవలసిన ప్రాధాన్యం. ప్రాధాన్యం బోర్డు లక్షణం కాదు, ప్రోగ్రాము రాసేవారి నిర్ణయం. దాన్ని వర్ణనలో కలపడం సూత్రప్రకారం తప్పే. అయినా ఫేజు పోయిన సంకేతాన్ని సందేశం కంటే ముందుంచవలసిన స్టార్టరుకు ఆ నిర్ణయం ఒక్కచోట, తీగ పక్కనే కనిపించడం మేలు చేస్తుంది. బోర్డూ ప్రోగ్రామూ కలిసే అమ్ముడయ్యే పరికరాల్లో ఈ రాజీని ఒప్పుకోవచ్చు. ఎవరి కెర్నెలైనా నడవవలసిన బోర్డు విషయంలో ఒప్పుకోకూడదు.

ఈ చర్చ భారతదేశపు చిప్పులకు సూటిగా వర్తిస్తుంది. ఐఐటీ మద్రాసులో 2014లో మొదలైన శక్తి ప్రాసెసర్లు 2018లో సిలికాన్ రూపం దాల్చాయి. తిరువనంతపురంలోని సీ-డాక్ సంస్థ వేగా ప్రాసెసర్ల వరుసను రూపొందించింది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం డిజిటల్ ఇండియా రిస్క్-ఫైవ్ కార్యక్రమాన్ని ప్రకటించింది. ఈ చిప్పులు పొలాల్లోని పరికరాల దాకా రావాలంటే ప్రాసెసరు వేగం ఒక్కటే చాలదు. వాటి కంట్రోలర్ల ప్రతి రిజిస్టరూ, ప్రతి తీగ సంఖ్యా, ఏది ఎడ్జ్ ఏది లెవెల్ అన్నదీ బయటివారు చదవగలిగే రూపంలో ఉండాలి. పత్రాలు లేనప్పుడు ఎంత శ్రమ పడాలో ఆపిల్ ఎం1 చూపించింది: దాని ఇంటరప్ట్ కంట్రోలరు పనితీరును అసాహీ లైనక్స్ బృందం బయటి నుంచి పరిశీలించి తెలుసుకొని, 2021లో డ్రైవరునూ డివైస్ ట్రీ వర్ణననూ తామే రాసుకుంది. అటువంటి శ్రమ లోకంలో కోట్లాదిమంది వాడే యంత్రానికి దొరుకుతుంది. కొన్ని వేల స్టార్టర్లలో కూర్చునే చిప్పుకు దొరకదు.

ఇటీవలి ఏళ్లలో డివైస్ ట్రీ వర్ణనలను యామల్ రూపంలోని నిబంధనలతో యాంత్రికంగా సరిచూసే సాధనాలు వచ్చాయి. కంట్రోలరు మూడు అంకెలు కోరితే రెండే రాశారని, లేని లక్షణాన్ని చేర్చారని అవి పట్టుకుంటాయి. 121 రాయవలసిన చోట 153 రాస్తే మాత్రం పట్టుకోలేవు, రెండూ రూపంలో సరైనవే కనుక. అక్షరక్రమాన్ని సాధనం చూస్తుంది, నిజాన్ని సర్క్యూటు పటం ఒక్కటే చూపగలదు. కనుక బోర్డు తయారీదారులు డివైస్ ట్రీ ఫైలుతో పాటు ఆ పటాన్ని కూడా విడుదల చేయాలని, ప్రభుత్వ సంస్థలు వాతావరణ కేంద్రాలకూ భూగర్భజల మట్టం కొలిచే యంత్రాలకూ టెండర్లు పిలిచేటప్పుడు ఈ రెండింటినీ షరతుగా పెట్టాలని ఈ సమీక్ష అభిప్రాయం. ప్రతి మేల్కొలుపు తీగనూ బిగించే రోజునే చేత్తో ఒకసారి కదిపి, సంకేతం కెర్నెల్ లెక్కలో పడిందో లేదో చూసి నమోదు చేయడం మూడవ షరతు; తొట్టిని వేలితో ఒరిగించి కెర్నెల్ ఇంటరప్టుల లెక్కలో ఆ తీగ అంకె పెరిగిందేమో చూడటానికి పట్టేది ఒక్క నిమిషం.